వాట్సాప్ మెసేజ్‌ల కేసులో తమ్ముడికి శిక్ష పడింది, పై కోర్టుకు ఎట్లా పోవాలి?

మీరు రాసిన దాని సారం ఇది. వద్దన్నా వినకుండా ఒక అమ్మాయికి వాట్సాప్‌లో మెసేజ్‌లు పెట్టాడని మీ తమ్ముడి మీద 2023లో కేసైంది, ఆ ఏడాదే ఛార్జిషీటు పడింది. ఇప్పుడు దేవరకొండ ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ కోర్టు ఐపీసీ 354డీ (వెంటపడటం) కింద ఏడాది, 509 (స్త్రీ గౌరవాన్ని కించపరచడం) కింద ఆరు నెలలు, ఐటీ చట్టం 67 (అశ్లీలం పంపడం) కింద ఏడాది జైలు, జరిమానా వేసింది. తీర్పొచ్చి 18 రోజులైంది. అదే రోజు మేజిస్ట్రేట్ గారు శిక్షను నెల రోజులు నిలిపి బెయిలిచ్చారు. కోర్టులో పెట్టినవి స్క్రీన్‌షాట్లే, ఫోన్ ల్యాబ్‌కు పోలేదు. అప్పీల్ ఎక్కడ, ఎప్పటిలోగా, నిలబడుతుందా, రాజీ కుదురుతుందా, కానిస్టేబుల్ ఉద్యోగం సంగతేంటి అని అడిగారు.

సూటిగా చెప్తున్నా. అప్పీల్ ఉంది, అది ముద్దాయి హక్కు. నల్లగొండ జిల్లా సెషన్స్ కోర్టులో, తీర్పు తేదీ నుంచి 30 రోజుల్లో వేయాలి. మీకు 12 రోజులున్నాయి, కానీ వారంలో వేసేయండి, ఎందుకో కింద చెప్తా. ల్యాబ్ రిపోర్టు లేదన్న ఒక్క మాట మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు. అది పనికొచ్చే పాయింటే గానీ, ఆ అమ్మాయి తన ఫోన్ కోర్టుకు తెచ్చి చూపించి ఉంటే దాని బలం చాలావరకు పోతుంది. ఇలాంటి అప్పీళ్లు నిలబడేది ఒక్కో సెక్షన్‌కు కావలసిన అంశాలు సాక్ష్యంలో ఉన్నాయా లేవా అని పేజీ పేజీ చూసినప్పుడే.

అన్నిటికంటే ముందు ఒక పని చేయండి. మీ ప్రశ్నలో ఆ అమ్మాయి ఊరు, కాలేజీ రాశారు, అవి తీసేయండి. కేసులో ఎవరు గెలిచినా ఆమె బతుకు ఆమెకుంది. పైగా ముద్దాయి ఇంటివాళ్లే ఆమె వివరాలు పదిమందిలో పెట్టారని పీపీ (ప్రభుత్వ వకీలు) గారు జడ్జి ముందు చూపిస్తే బెయిల్ విచారణలోనే దెబ్బ తగులుతుంది.

రెండు గడువులు, ఒకటి కాదు

చాలామంది పడిపోయేది ఇక్కడే. అప్పీల్‌కు లిమిటేషన్ చట్టం 115వ ఆర్టికల్ ప్రకారం 30 రోజులు. తీర్పిచ్చిన రోజు లెక్కలోకి రాదు. సర్టిఫైడ్ కాపీకి అప్లికేషన్ పెడితే, అది తయారవడానికి పట్టిన రోజులు కూడా 12వ సెక్షన్ ప్రకారం తీసేస్తారు. కాపీ చివర ఒక ముద్ర ఉంటుంది, దాన్ని చదవడం నేర్చుకోండి. అప్లికేషన్ పెట్టిన తేదీ, స్టాంపులు అడిగిన తేదీ, స్టాంపులు ఇచ్చిన తేదీ, కాపీ రెడీ అయిన తేదీ, తీసుకున్న తేదీ వరసగా ఉంటాయి. 5న అప్లికేషన్ పెట్టి 14న రెడీ అయితే ఆ పది రోజులు మీకు కలిసొస్తాయి. స్టాంపులు ఇవ్వడంలో మీరు చేసిన ఆలస్యం, రెడీ అయ్యాక తీసుకోకుండా వదిలేసిన రోజులు కలిసిరావు.

అసలు చిక్కు రెండో గడువుతో. మేజిస్ట్రేట్ గారు శిక్ష నిలిపింది పాత క్రిమినల్ ప్రొసీజర్ చట్టం సీఆర్‌పీసీ 389(3), అంటే దాని బదులు వచ్చిన ఇప్పటి బీఎన్‌ఎస్‌ఎస్ 430(3) కింద. బెయిల్ మీద ఉన్న ముద్దాయికి మూడేళ్లకు మించని శిక్ష పడి, అప్పీల్‌కు పోతానంటే, అప్పీల్ వేసి పై కోర్టు ఉత్తర్వు తెచ్చుకునేంత కాలం ఆ కోర్టే శిక్ష నిలపాలని ఆ సెక్షన్. ఆ ఉత్తర్వులో ఒక తేదీ ఉంటుంది. కాపీ కోసం పట్టిన రోజులు అప్పీల్ గడువుకు కలుస్తాయి గానీ ఆ తేదీని ముందుకు జరపవు. అప్పీల్ ఇంకా టైంలోనే ఉంది కదా అని కూర్చుంటే, ఆ తేదీ దాటిన మర్నాటి నుంచి మీ తమ్ముడు చట్టం లెక్కలో లొంగిపోవాల్సిన మనిషి. వారంట్ వస్తుంది. అప్పీల్ వేయగానే కూడా రక్షణ రాదు. సెషన్స్ కోర్టు శిక్ష నిలుపుతూ ఉత్తర్వు ఇవ్వాలి, పీపీకి నోటీసు, వాయిదా, మధ్యలో సెలవులు అన్నీ ఉంటాయి. అందుకే వారం అన్నాను. ఆ తేదీలోగా ఉత్తర్వు రాదనిపిస్తే గడువు పెంచమని మేజిస్ట్రేట్ కోర్టులో ముందే పిటిషన్ పెట్టండి, తేదీ అయిపోయాక కాదు.

జైలు శిక్ష పడ్డవాళ్లకు తీర్పు చెప్పగానే ఒక కాపీ ఉచితంగా ఇవ్వాలి, బీఎన్‌ఎస్‌ఎస్ 404 అదే చెప్తుంది. మీ వకీలు దగ్గర అది ఉండే ఉంటుంది. దానితోనే అప్పీల్ వేయండి, ఇంకో కాపీ కోసం ఆగొద్దు.

గడువు నిజంగానే దాటిపోయినవాళ్లు చదువుతుంటే వాళ్లకో మాట. లిమిటేషన్ చట్టం 5వ సెక్షన్ కింద ఆలస్యం మన్నించమని పిటిషన్, అఫిడవిట్ వేయొచ్చు. ప్రతి ఆలస్యానికీ కాయితం చూపండి. కామెర్లు వచ్చాయంటే ఆస్పత్రి చీటీ, బొంబాయికి పనికి పోయాడంటే మేస్త్రి దగ్గర హాజరు పుస్తకమో రైలు టికెట్టో. పాలమూరు దిక్కు నుంచి వలస పోయిన కుర్రాళ్ల కేసుల్లో ఈ ఆలస్యం మామూలే, కోర్టులకూ తెలుసు. అట్లని ఉత్త మాట సరిపోదు.

ఎక్కడ, ఏమేం పెట్టాలి

మేజిస్ట్రేట్ వేసిన శిక్ష మీద అప్పీల్ సెషన్స్ కోర్టుకు, బీఎన్‌ఎస్‌ఎస్ 415(3) కింద, పాత లెక్కలో 374(3). దేవరకొండకు అది నల్లగొండ. ప్రిన్సిపల్ సెషన్స్ జడ్జి గారి కోర్టులో వేస్తే, ఆయన దాన్ని అడిషనల్ కోర్టుకు అప్పగించొచ్చు. 2022 జూన్ 2న కొత్త జిల్లా కోర్టులు వచ్చాక పాత లెక్కలు మారాయి. కోదాడ, హుజూర్‌నగర్ వాళ్లు ఇప్పుడు సూర్యాపేటకు పోవాలి. ఉమ్మడి మహబూబ్‌నగర్‌లో నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, నారాయణపేట దేనికదే. పాత అలవాటుగా నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో ఇచ్చేస్తే కట్ట తిరిగొచ్చేసరికి వారం పోతుంది.

నేరం 2023లోది కాబట్టి సెక్షన్లు ఐపీసీవే ఉంటాయి, దాని బదులు వచ్చిన బీఎన్‌ఎస్ వర్తించదు. అప్పీల్ ఇప్పుడు వేస్తున్నారు కాబట్టి దారి బీఎన్‌ఎస్‌ఎస్‌ది. పిటిషన్ల మీద కొత్త సెక్షన్ రాసి పక్కన పాతదీ రాయించండి, రిటర్న్ పడకుండా ఉంటుంది.

కట్టలో ఉండాల్సినవి: కారణాలతో అప్పీల్ మెమో, తీర్పు కాపీ, వకాలత్, శిక్ష నిలపమని 430(1) కింద పిటిషన్, దానికి అఫిడవిట్, మేజిస్ట్రేట్ గారు శిక్ష నిలిపిన ఉత్తర్వు, జరిమానా కట్టిన రసీదు, పీపీ కోసం ఇంకో సెట్. జరిమానా కట్టకపోతే కట్టేయండి. అప్పీల్ గెలిస్తే తిరిగొస్తుంది, కట్టకుండా బెయిల్ అడిగితే మాత్రం మొదటి ప్రశ్న దాని మీదే పడుతుంది. ఆఫీసు వాళ్లు పేజీ నంబర్లు లేవనో, జిరాక్స్ కనబడట్లేదనో రిటర్న్ వేస్తారు. దాన్ని చెప్పిన గడువులో సరిచేసి మళ్లీ పెట్టాలి. ఆ గడువు దాటితే దానికి వేరే ఆలస్యం పిటిషన్. కేసుకు సీఎన్‌ఆర్ నంబర్ (కోర్టు ఇచ్చే గుర్తింపు నంబర్) రాగానే ఈ-కోర్ట్స్ యాప్‌లో వేసుకుంటే వాయిదాలు మీరే చూసుకోవచ్చు, ప్రతిదానికీ వకీలుకు ఫోన్ చేసే పని తప్పుతుంది.

వకీలును పెట్టుకునే స్తోమత లేకపోతే జిల్లా కోర్టులోనే న్యాయ సేవాధికార సంస్థ ఉంది, 15100కు ఫోన్ చేసినా చెప్తారు. జైల్లో ఉన్నవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత వకీలు వస్తారు, జైలు సూపరింటెండెంట్ ద్వారానే అప్పీల్ కూడా పంపొచ్చు.

తీర్పును ఎట్లా చదవాలి

సెషన్స్ కోర్టు మళ్లీ సాక్షులను పిలవదు. కింది కోర్టు రికార్డు తెప్పించుకొని, ఆ సాక్ష్యాన్ని మొత్తం తాజాగా తూకం వేస్తుంది. కాబట్టి మీ చేతిలో తీర్పొక్కటే ఉంటే చాలదు. అమ్మాయి వాంగ్మూలం, చీఫ్ (పీపీ అడిగింది) క్రాస్ (మన వకీలు అడిగింది) రెండూ, దర్యాప్తు అధికారి వాంగ్మూలం, సీఆర్‌పీసీ 313 కింద జడ్జి మీ తమ్ముణ్ణి అడిగిన ప్రశ్నల కాయితం, స్క్రీన్‌షాట్ల ఎగ్జిబిట్లు (కోర్టు నంబర్ వేసిన కాయితాలు), ఇన్నీ కాపీలు తీయించండి. తర్వాత ఒక నోట్‌బుక్కులో గీతలు గీసుకోండి: మెసేజ్ తేదీ, టైం, ఏ నంబర్ నుంచి, మాటలు ఉన్నవి ఉన్నట్టు, ఎగ్జిబిట్ పేజీ, ఆమె వద్దన్న దానికి ముందా తర్వాతా. ఈ పట్టిక చేతిలో ఉంటే మీ వకీలు వాదన సగం తయారైనట్టే.

ఆ చివరి గడి ఎందుకంటే, 354డీకి ప్రాణం అదే. ఆమె ఇష్టం లేదని స్పష్టంగా తెలియజేసినా పదే పదే సంప్రదించాడు అని రుజువు కావాలి. మెసేజ్‌లు ఎన్ని ఉన్నాయన్నది ఒక్కటే చాలదు. వద్దన్నది ఎప్పుడు, ఎట్లా, దాని తర్వాత ఎన్ని వచ్చాయి? తీర్పులో "చాలా మెసేజ్‌లు పంపాడు" అని మాత్రమే ఉండి, వద్దన్న రోజు ఏదో తేల్చకపోతే అది బలమైన కారణం. అదే సమయంలో నిజాయితీగా ఒకటి చెప్పాలి. ఆమె నంబర్ బ్లాక్ చేసిందనీ, తర్వాత ఇంకో నంబర్ నుంచి మెసేజ్‌లు వచ్చాయనీ సాక్ష్యంలో ఉంటే ఈ వాదన పనిచేయదు. బ్లాక్ చేయడం కంటే స్పష్టంగా వద్దనడం ఇంకేముంది? అప్పుడు శిక్ష తగ్గించుకోవడం మీద దృష్టి పెట్టండి.

509కి స్త్రీ గౌరవాన్ని కించపరచాలన్న ఉద్దేశం కావాలి. "పెళ్లి చేసుకుంటా, ఒక్కసారి మాట్లాడు" అనే మెసేజ్‌లకూ ఒంటి మీద వ్యాఖ్యలకూ తేడా ఉంది. తీర్పులో అసలు మెసేజ్ మాటలు ఎత్తి రాశారా, లేక "అసభ్య పదజాలం" అని ఒక్క ముక్కతో వదిలేశారా చూడండి.

67 విషయంలో ఇంకా జాగ్రత్తగా చూడాలి. అది అశ్లీలం గురించిన సెక్షన్, తిట్ల గురించి కాదు. బూతు మాట ప్రతిదీ అశ్లీలం కాదని, అది కామాన్ని రెచ్చగొట్టేదిగా ఉండాలని సుప్రీంకోర్టు 2024 మార్చిలో అపూర్వ అరోరా కేసులో వివరంగా చెప్పింది. మీ తమ్ముడి మెసేజ్‌లు తిట్లూ బెదిరింపులే అయితే 67 కింద వేసిన ఏడాది నిలబడటం కష్టం. ఇంకొకటి, ఐటీ చట్టం 78 ప్రకారం ఆ చట్టం కింది నేరాన్ని ఇన్‌స్పెక్టర్, ఆ పైస్థాయి అధికారే దర్యాప్తు చేయాలి. మండల స్టేషన్లలో ఎస్సై గారే పంచనామా నుంచి ఛార్జిషీటు దాకా అన్నీ చేసేస్తుంటారు. ఛార్జిషీటు కింద సంతకం ఎవరిదో, వాంగ్మూలాలు ఎవరు రాశారో చూడండి. దర్యాప్తు లోపం ఉన్నంత మాత్రాన కేసు పోదు, దానివల్ల ముద్దాయికి అన్యాయం జరిగిందని చూపాలి. కాబట్టి దీన్ని ఒంటరిగా కాకుండా మిగతా లోపాలతో కలిపి చెప్పాలి. ఎవరికైనా 66ఏ కింద కూడా శిక్ష వేసి ఉంటే అది మాత్రం వెంటనే పోతుంది. 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ తీర్పుతో ఆ సెక్షనే రద్దయింది.

బెదిరింపు సెక్షన్ 506 ఉన్న కేసుల్లో, మాటలు అన్నంత మాత్రాన సరిపోదు, ఎదుటి మనిషిని భయపెట్టాలన్న ఉద్దేశం ఉండాలని 2015 నాటి మాణిక్ తనేజా తీర్పు ఉంది. మీకు అది లేదు కాబట్టి వదిలేస్తున్నా.

స్క్రీన్‌షాట్ల సంగతి

స్క్రీన్‌షాట్ ప్రింటు సెకండరీ సాక్ష్యం, అంటే అసలుకు కాపీ. దానికి ఎవిడెన్స్ చట్టం 65బీ(4) సర్టిఫికెట్ (ఆ కాపీ ఏ పరికరం నుంచి ఎట్లా తీశారో చెప్పే కాయితం) ఉండాలని 2014లో అన్వర్ కేసు, 2020 జూలై 14న అర్జున్ పండిత్‌రావు కేసు తేల్చాయి. మీ కేసు 2024 జూలై 1కి ముందే కోర్టులో ఉంది గనుక 65బీనే. కొత్త కేసులకైతే ఎవిడెన్స్ చట్టం బదులు వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 63(4), అందులో సర్టిఫికెట్‌కు రెండు భాగాలు, ఒకటి ఫోన్ వాడిన మనిషిది, ఇంకోటి నిపుణుడిది, హాష్ విలువ (ఫైలు మారలేదని చూపే గుర్తు) రాయాలి.

అయితే అర్జున్ పండిత్‌రావు తీర్పులోనే ఇంకో మాట ఉంది. ఫోన్ సొంతదారు బోనెక్కి, అసలు ఫోన్‌నే కోర్టు ముందు పెట్టి, అది తనదే, తనే వాడుతున్నానని చెప్తే సర్టిఫికెట్ అక్కర్లేదు. కాబట్టి అమ్మాయి వాంగ్మూలంలో ఫోన్ చూపినట్టు ఉందా, ఫోన్‌కు ఎం.ఓ. (వస్తు సాక్ష్యం) నంబర్ పడిందా వెతకండి. లేకపోతే, సర్టిఫికెట్ కూడా లేకపోతే, మీ పాయింట్‌కు బలం ఉంది.

దీనికీ ఒక మెలిక ఉంది. సోను కేసులో, 2017, సుప్రీంకోర్టు చెప్పిందేంటంటే, సర్టిఫికెట్ లేదన్నది రుజువు చేసే పద్ధతికి సంబంధించిన అభ్యంతరం, దాన్ని ట్రయల్‌లో మార్క్ చేసేటప్పుడే లేవనెత్తాలి, అప్పీల్‌లో మొదటిసారి కుదరదు. వాంగ్మూలంలో ఎగ్జిబిట్ నంబర్ పక్కన "అభ్యంతరానికి లోబడి" అని ఉందా? క్రాస్‌లో సర్టిఫికెట్ గురించి కనీసం ఒక ప్రశ్న వేశారా? లేకుంటే సర్టిఫికెట్ వాదనను ముందు పెట్టకుండా, ఆ స్క్రీన్‌షాట్లు నమ్మదగినవి కావు అన్న వైపు నుంచి రావాలి. అది వేరే వాదన, దానికి సోను అడ్డురాడు.

నమ్మదగినవా కావా అన్నది ఎగ్జిబిట్ కళ్ల ముందు పెట్టుకుంటేనే తెలుస్తుంది. పైన పట్టీలో నంబర్ ఉందా, పేరు ఉందా? పేరుంటే అది ఆ ఫోన్‌లో సేవ్ చేసుకున్న పేరు, ఏ నంబర్‌కైనా ఏ పేరైనా పెట్టుకోవచ్చు. ఆ పేరు మీద నొక్కితే వచ్చే నంబర్ పేజీని కూడా ప్రింటు తీశారా? టైం ఉండి తేదీ లేని పేజీలెన్ని? వరసగా తీసినవని చెప్తున్న పేజీల్లో బ్యాటరీ ఒకదాంట్లో 84, తర్వాతి దాంట్లో 31, మళ్లీ 79 ఉంటే అవి ఒక్క కూర్చోవడంలో తీసినవి కావు, మధ్యలో ఏం వదిలేశారో అడగొచ్చు. ఇంకో చిన్న సంగతి: వాట్సాప్‌లో టిక్ మార్కులు మనం పంపిన మెసేజ్‌ల పక్కనే పడతాయి, వచ్చిన వాటికి పడవు. అమ్మాయి ఫోన్‌లో తీసిన స్క్రీన్‌షాట్ అంటున్నారు, కానీ ముద్దాయి పంపాడని చెప్పే మెసేజ్‌లు కుడివైపు టిక్‌లతో ఉన్నాయంటే, అది ఆమె ఫోన్‌లో తీసింది కాదు. ఎక్కడిదో ప్రాసిక్యూషన్ చెప్పాలి. చాలా ఎగ్జిబిట్లలో ఇవేవీ ఉండవు, అంతా సవ్యంగానే ఉంటుంది. చూడకుండా మాత్రం వదలొద్దు.

నంబర్ మీ తమ్ముడిదేనని ఎట్లా రుజువు చేశారు? సిమ్ ఎవరి పేరు మీద ఉందో చెప్పే దరఖాస్తు ఫారం తెప్పించి, కంపెనీ నోడల్ అధికారిని విచారించాలి. కాల్ డేటాలో వాట్సాప్ మెసేజ్‌లు కనిపించవు, అందులో కాల్స్, మామూలు ఎస్సెమ్మెస్‌లే ఉంటాయి. కాబట్టి "కాల్ డేటాతో రుజువైంది" అని తీర్పులో ఉంటే ఏం రుజువైందో ఆగి చూడండి. సిమ్ తండ్రి పేరున ఉండి, ఇంట్లో అందరూ వాడే ఫోనైతే ఆ గొలుసులో ఇంకో లింకు కావాలి.

మన వైపు చేసిన పొరపాట్లూ చూడాలి. క్రాస్‌లో మీ వకీలు "నువ్వు కూడా జవాబులిచ్చావు కదా" అని అడిగి ఉంటే, మెసేజ్‌లు పంపింది మీ తమ్ముడేనని ఒప్పుకున్నట్టు తీసుకునే వీలుంది. క్రాస్‌లో వేసిన సూచనలను మిగతా సాక్ష్యంతో కలిపి ముద్దాయికి వ్యతిరేకంగా వాడొచ్చని 2023లో బాలు సుదాం ఖాల్డే కేసులో సుప్రీంకోర్టు అన్నది. 313 విచారణలో ఏం చెప్పాడో కూడా అంతే ముఖ్యం. ఆ కాయితంలో ఇంకోటి చూడండి: శిక్షకు ఆధారమైన ప్రతి అంశాన్నీ మీ తమ్ముణ్ణి అడిగారా? స్క్రీన్‌షాట్ల గురించి ఒక్క ప్రశ్న లేకుండా వాటి మీదే శిక్ష వేస్తే అది వాదించదగిన లోపం. దీనివల్ల పై కోర్టు కేసును మళ్లీ కిందికి పంపే అవకాశం కూడా ఉంటుందని తెలిసి వాదించాలి.

మీ దగ్గర పూర్తి చాట్ ఉందని రాశారు. అప్పీల్‌లో కొత్త సాక్ష్యానికి 432, పాత 391, కింద పిటిషన్ పెట్టొచ్చు గానీ, ట్రయల్‌లో ఎందుకు పెట్టలేదో చెప్పాలి. మీరు ఆ తలుపు తెరిస్తే ప్రాసిక్యూషన్ కూడా ఫోన్ ల్యాబ్‌కు పంపాలని అడగొచ్చు. పూర్తి చాట్‌ను వకీలు మొదటి నుంచి చివరి దాకా చదివాకే నిర్ణయించండి. ఈలోపు ఆ ఫోన్‌ను రీసెట్ చేయొద్దు, ఏదీ తీసేయొద్దు, ఎవరికీ అమ్మొద్దు.

శిక్ష మీద వాదన

నేరం నిలిచినా శిక్ష మారొచ్చు. దీన్ని చాలా మెమోల్లో ఆఖర్న ఒక్క వాక్యంతో ముగిస్తారు, అది తప్పు. మొదట తీర్పు ఆఖరి పేరాలో శిక్షలు "ఏకకాలంలో నడుస్తాయి" అని ఉందో లేదో చూడండి. ఆ మాట లేకపోతే ఒకటి అయ్యాక ఒకటి, అంటే మీ తమ్ముడికి రెండున్నరేళ్లు. ఉంటే ఏడాదే. రిమాండులో ఉన్న రోజులు తగ్గించాలని రాశారా అదీ చూడండి.

తర్వాత ప్రొబేషన్. 1958 నాటి ప్రొబేషన్ చట్టం 4వ సెక్షన్ కింద, మంచి నడవడిక బాండు మీద వదలమని అడగొచ్చు, అప్పీల్ కోర్టుకూ ఆ అధికారం ఉంది. ఇంతకుముందు కేసులు లేవని, చదువు, ఇంటి పరిస్థితి, కేసు తర్వాత ఆమె జోలికి పోలేదని అఫిడవిట్‌తో చూపాలి. మేజిస్ట్రేట్ గారు ప్రొబేషన్ ఎందుకు ఇవ్వలేదో కారణాలు రాయకపోతే అది కూడా అప్పీల్‌లో ఒక కారణం అవుతుంది.

అప్పీల్ వేస్తే శిక్ష పెరుగుతుందేమో అని భయపడుతున్నారు. ముద్దాయి వేసిన అప్పీల్‌లో శిక్ష పెంచే అధికారం లేదు. ప్రభుత్వం శిక్ష చాలదని వేరుగా అప్పీల్ వేస్తే తప్ప. ఇంకొకటి, వకీలు రాకపోయినా అప్పీల్‌ను గైర్హాజరు కింద కొట్టేయకూడదు, రికార్డు చూసి తీర్పివ్వాలని 1996లో బనీ సింగ్ కేసు చెప్పింది. దాన్ని నమ్ముకొని వాయిదాలు ఎగ్గొట్టొద్దు, బెయిల్ షరతు వేరే ఉంటుంది.

రాజీ

ఊరి పెద్దలను పెట్టి మాట్లాడిస్తామని రాశారు. వద్దు. 354డీ రాజీ చేసుకోగల నేరాల జాబితాలో లేదు. స్త్రీ మీద జరిగిన ఐటీ చట్టం నేరాలకు 77ఏ కింద రాజీ లేదు. 509కి ఉంది, అదీ అప్పీల్ దశలో కోర్టు అనుమతితోనే. ఆమె తనంతట తాను, ఎవరి ఒత్తిడీ లేకుండా కేసు ముగించాలనుకుంటే హైకోర్టులో బీఎన్‌ఎస్‌ఎస్ 528 కింద కేసు కొట్టేయమనే పిటిషన్ దారి ఉంది, శిక్ష పడ్డాక కూడా తగిన కేసుల్లో అట్లా చేయొచ్చని 2021లో రాంగోపాల్ కేసులో సుప్రీంకోర్టు అన్నది. కానీ మొదటి మాట ఆమె వైపు నుంచి, వకీళ్ల ద్వారా రావాలి. వద్దు అన్న మాట వినకపోవడమే ఈ కేసు. మళ్లీ ఆమె గడప తొక్కడం, ఫ్రెండ్స్‌తో చెప్పించడం, "సారీ" అని ఒక్క మెసేజ్ పెట్టడం, ఏది చేసినా బెయిల్ పోతుంది, కొత్త కేసవుతుంది. వెంటపడే నేరం రెండోసారి రుజువైతే ఐదేళ్ల దాకా శిక్ష, అది బెయిలబుల్ కూడా కాదు. మీ తమ్ముణ్ణి కూర్చోబెట్టి ఈ సంగతి మీరే చెప్పండి, వకీలు చెప్తే వినేది వేరు, అన్న చెప్తే వినేది వేరు.

తీర్పు రోజు

అప్పీల్ తేలేసరికి చాలా నెలలు పడుతుంది, ఏళ్లూ పట్టొచ్చు. తీర్పు రోజు మీ తమ్ముడు కోర్టులో ఉండాలి. అప్పీల్ కొట్టేస్తే శిక్ష అనుభవించడానికి లోపలికి పోవాలి. ఆపైన హైకోర్టులో రివిజన్ 90 రోజుల్లో. అందులో సాక్ష్యాన్ని మళ్లీ మొత్తం తూకం వేయరు, చట్టం తప్పిందా, తీర్పు మరీ అన్యాయంగా ఉందా అని చూస్తారు. అందుకే అసలు బలమంతా సెషన్స్ కోర్టులోనే పెట్టాలి. తీర్పుకు ముందు రోజే రివిజన్ కాయితాలు సగం తయారుగా ఉంచుకుంటే లోపల గడిపే రోజులు తగ్గుతాయి.

కానిస్టేబుల్ ఉద్యోగం

శిక్ష నిలపడం వేరు, దోషి అన్న తీర్పు నిలపడం వేరు. 430 కింద మామూలుగా వచ్చేది మొదటిదే, దానితో మనిషి బయట ఉంటాడు గానీ దోషిగానే ఉంటాడు. రెండోది కావాలంటే వేరుగా అడగాలి, అది నిలపకపోతే తిరిగి పూడ్చలేని నష్టం ఏమిటో చూపాలి. కోర్టులు దాన్ని అరుదుగానే ఇస్తాయి. ఉద్యోగం రావొచ్చు అన్న ఆశ ఒక్కటే ఉంటే కష్టం. ప్రొబేషన్ వస్తే ఆ చట్టం 12వ సెక్షన్ వల్ల శిక్షతో వచ్చే అనర్హత పోతుంది, కానీ జరిగిన నేరం చెరిగిపోదు, నియామక అధికారి ఆ ప్రవర్తనను లెక్కలోకి తీసుకోవచ్చు. పూర్తిగా విడుదలైతేనే దారి కొంత తెరుచుకుంటుంది.

అటెస్టేషన్ ఫారంలో కేసు గురించి అడిగిన గడిలో ఉన్నది ఉన్నట్టు రాయించండి: క్రైమ్ నంబర్, సి.సి. (కోర్టు కేసు) నంబర్, సెక్షన్లు, అప్పీల్ నంబర్. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు దాచడాన్నే వేరే తప్పుగా చూసింది. కేసు గెలిచి కూడా దాచినందుకు ఉద్యోగం పోగొట్టుకునే పరిస్థితి తెచ్చుకోవద్దు.